ఉయ్యాలలో బొమ్మ

టొరీనో,
మే 12, 1998

తమ్ముడు దొనాతోకి,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనులో అయితే నేను రెండు మాటలనగానే నువ్వు అడ్డుపడతావు, నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. కాగితాన్ని పెట్టేయలేవు గదా. కూర్చుని చివరిదాకా చదువు.

పోయిన వారం నేను మతేరా వచ్చాను.

అవును, మన ఊరే. ఇక్కడి పింఛనుదారుల సంఘంవాళ్ళు దక్షిణాదికి ఐదు రోజుల బస్సు యాత్ర పెట్టారు. పొంపేయి శిథిలాలు, నేపుల్స్‌లో రాజుగారి కోట, అల్బెరొబెల్లోలో రాతి టోపీలు పెట్టుకున్న ఇళ్ళు, ఆఖరున మతేరా గుహలు. ముప్ఫై ఏళ్ళు కారు సీట్లు కుట్టీ కుట్టీ వేళ్ళు వంకర్లు పోయాయి. ఒక్కసారైనా అందరిలా చేతిసంచి ఊపుకుంటూ దేశం చూద్దామనిపించింది. నీకు కావాలనే చెప్పలేదు. సాయంత్రం నీ తలుపు తట్టి హడలగొడదామనుకున్నాను. నీకు చాక్లెట్ల డబ్బా, మరదలు లిబేరాకి ఉన్ని శాలువా కూడా కొన్నాను.

ఒక పిల్ల ఎర్ర గొడుగెత్తి ముందు నడిచేది, నలభైమందిమి బాతుల్లా వెనకాల నడిచేవాళ్ళం. పొంపేయిలో రెండువేల ఏళ్ళనాటి రొట్టె చూపించింది, బొగ్గయిపోయి ఉంది. అందరం అయ్యో అన్నాం. ఎవరి ఇల్లో, ఎవరి రొట్టో, ఎవరు పిండి కలిపారో, మాకెందుకు? నేనూ ఫొటో తీసుకున్నాను. ఆ పాపం రెండు రోజుల్లోనే పండింది.

మతేరాలో ఆ పిల్ల మెట్ల మీదుగా కిందికి దింపి, "ఇది అచ్చమైన రైతు గుహ ఇల్లు. లోపల ఫ్లాషు కొట్టొద్దు" అని తలా ఒక టికెట్టు చేతిలో పెట్టింది. కొత్త తలుపు పెట్టావు, కొత్త బోర్డు పెట్టావు, అందుకని నాకు వెంటనే తెలియలేదు. మూడో మెట్టుకి కుడివైపు మన చిన్నప్పటి ఆ అరిగిన గుంట ఉంది చూడు, నా మడమ వెళ్ళి అందులో కూర్చుంది. అప్పుడు తెలిసింది నేను ఎవరింటికి టికెట్టు పట్టుకుని వచ్చానో. లోపల్నించి నీ గొంతు వినబడుతోంది.

నువ్వు నన్ను చూడలేదు. నల్ల కళ్ళద్దాలు, ఎండ టోపీ పెట్టుకుని వెనక వరసలో నిలబడ్డాను.

"రండి రండి, తలలు జాగ్రత్త! ఇదిగో ఇది మా కంచరగాడిద. మా నాన్నకి మా అమ్మకంటే దీనిమీదే ప్రేమ!" అన్నావు. కాగితపు గుజ్జుతో చేసిన గాడిద మెడ నిమిరావు. అందరూ నవ్వారు. "మంచం మీద మేం, మంచం కింద కోళ్ళు, పక్కన ఈ కుండ. రాత్రి దొడ్డికి ఇంటిల్లిపాదికీ ఇదొక్కటే! వాసన సంగతి అడక్కండి. మా అమ్మకి గాడిదెవరో మొగుడెవరో వాసన బట్టి తెలిసేది కాదు!" అన్నావు. కడుపు పట్టుకుని నవ్వారు. ఒరేయ్, ఆవిడ మన అమ్మ రా. నీ ఒంట్లో ప్రవహించేది రక్తమేనా?

ఆ తర్వాత మంచం మీద వేలాడే ఉయ్యాల దగ్గరికి వెళ్ళావు. అందులో ఒక ప్లాస్టిక్ బొమ్మ. గులాబీ రంగు బుగ్గలు, గుడ్డలో చుట్టి పడుకోబెట్టావు. తాడు పట్టుకుని ఊపి, వేలు మూతి మీద పెట్టుకుని, "ష్! చిన్నోడు నిద్రపోతున్నాడు" అన్నావు. అందరూ నిజంగానే గుసగుసల్లోకి దిగారు. అప్పుడు, "ఆ చిన్నోణ్ణి నేనే!" అని అరిచావు. నా పక్కన లుచానా అని మా ఫ్యాక్టరీ స్నేహితురాలు, కళ్ళు తుడుచుకుంటూ, "బ్రూనా, నిజంగా ఇలా బతికేవాళ్ళా మనుషులు?" అంది.

కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి బస్సెక్కి కూర్చున్నాను. చాక్లెట్లు డ్రైవరుకిచ్చేశాను.

ఆ బొమ్మని ఉయ్యాలలోంచి తీసెయ్. మిగతా వాటి గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు బొమ్మ తియ్.

బ్రూనా

*

మతేరా,
మే 24

బ్రూనా అక్కకి,

సొంత ఊరొచ్చి, తమ్ముడింటి గడప తొక్కకుండా, దొంగలా వెనకవరసలో నిలబడి పోయినదానివి, నాకు నువ్వు మర్యాద నేర్పుతావా? లిబేరాకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "నేనేం తప్పు చేశాను, నాకోసం తెచ్చిన శాలువా కూడా పట్టుకుపోయింది" అని ఏడ్చింది. ఆ రోజు పొద్దున్నే చిక్కుడు గింజలు ఉడకబెట్టి ముద్ద చేసింది, చేదాకు వేయించింది. నువ్వు బస్సులో కూర్చుని ఏం తిన్నావో నీకే తెలియాలి.

నీకు పింఛనుంది. మాట్లాడతావు. సోఫాల ఫ్యాక్టరీ నన్ను పొమ్మన్నప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. ఆ వయసులో నన్ను పిలిచి పనిచ్చేదెవరు? ఆ గుహలో అడుగు పెట్టేసరికి మోకాలెత్తు ముళ్ళచెట్లు, పావురాల రెట్ట. నలభై బస్తాలు ఈ చేతుల్తో మోశాను. మంచం ఒకరింట్లో, పిండి కలిపే తొట్టి ఇంకొకరింట్లో వెతికి తెచ్చాను. ఉయ్యాల మాత్రం మనదే, మావయ్య అటక మీద దొరికింది. నేను పుట్టకముందో పుట్టాకో అమ్మ దాన్ని వాళ్ళకి ఇచ్చేసిందట. ఎందుకిచ్చేసిందో మావయ్య పిల్లలకీ తెలియదు.

దాని పైన గోడకి ఫొటో కట్టాను, చూశావో లేదో నీ నల్లద్దాల్లోంచి. అమ్మ పెట్టెలో దొరికింది. తాత ఒళ్ళో నేను. వెనక అమ్మ అక్షరాలతో "దొనాతోలు ఇద్దరూ" అని ఉంది. తాత పేరు నాది, తాత ఒళ్ళో నేను. అది చూసి ఎంతమంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారో నీకు తెలియదు.

జోకుల సంగతా? మొదట్లో నేనూ ఉన్నదున్నట్టు చెప్పాను అక్కా. మలేరియా, ఆకలి, నీళ్ళ కరువు. జనం గడియారాలు చూసుకునేవాళ్ళు. గాడిద మాట చెప్పాక చెవులప్పగించారు. నవ్విన నోటితోనే తర్వాత ఏడుస్తారు. ఇది నా పని, నాకు తెలుసు. తాతకి దగ్గులు నేర్పకు.

ఇక బొమ్మ. ఆ బొమ్మంటే అందరికీ ముద్దు. జపానునుంచి వచ్చిన ఒకావిడ దానికి టోపీ అల్లి పంపింది. ఉయ్యాల నాది, అందులో పడుకున్నది నేను, బొమ్మ నా బొమ్మ. మధ్యలో నీకేమిటి నొప్పి?

నొప్పేమిటో నేను చెప్పనా? నీకు సిగ్గు. పదహారేళ్ళప్పుడు నిన్ను చూడ్డానికి టొరీనో వచ్చాను. నీకు అద్దెకిచ్చిన ఇంటావిడ "మీది ఏ ఊరు" అంటే నేను నోరు తెరిచేలోగా, "బారీ, మాది బారీ" అన్నావు. ఆ సాయంత్రమంతా నాకు తెలియని సముద్రం గురించి మాట్లాడాల్సొచ్చింది. పుట్టిన ఊరు చెప్పుకోలేనిదానివి, పుట్టిన ఇంటి పరువు గురించి నాకు రాస్తావా!

బొమ్మ తియ్యను.

దొనాతో

*

టొరీనో,
జూన్ 9

దొనాతో,

బారీ అన్నాను. అబద్ధమే. ఆ రోజుల్లో ఇక్కడ ఇళ్ళ తలుపులకి "దక్షిణాదివాళ్ళకి అద్దెకివ్వబడదు" అని అట్టలు వేలాడేవి. బారీ అంటే కనీసం ఓడరేవు, చేపలు అనుకునేవాళ్ళు. మతేరా అంటే "ఓహో, గుహల్లో గాడిదల్తో పడుకునేవాళ్ళు" అని ముక్కు మూసుకునేవాళ్ళు. ఆ ముక్కు మూసుకున్నవాళ్ళ పిల్లల్ని నువ్విప్పుడు పిలిచి, రండి చూడండి, మీ అమ్మానాన్నలు చెప్పింది నిజమేనని ఒప్పుకుంటున్నావు. పైగా నాకు సిగ్గని నువ్వు ఎత్తిపొడుస్తావా?

నీకు ఏం గుర్తుంది? ప్రభుత్వం గుహలు ఖాళీ చేయించి మనల్ని కొత్తింటికి తరలించేనాటికి నీకు ఐదేళ్ళు. నువ్వు చెప్పే ప్రతి కథా నేను నీకు చెప్పిందే, రొట్టె పాలలో నాన్చి నోట్లో పెడుతూ చెప్పింది. వాసన గురించి చెప్పానా? అమ్మ ఈస్టరుకి పది రోజుల ముందే సున్నం నానబెట్టేది. గాడిదని కట్టే మూల దాకా పూసేది. మోకాళ్ళ మీద కూర్చుని రాతినేల ఇసకతో తోమేది. కూరగాయలు కడిగిన నీళ్ళతో మన కాళ్ళు కడిగేది, ఆ నీళ్ళతో నేల కడిగేది. నీ టికెట్లవాళ్ళకి ఆ సున్నం బకెట్టు చూపించావా? కుండ మాత్రం కనిపించింది నీకు.

పోనీ, చెప్పుకో. కుండ గురించి చెప్పుకో, కోళ్ళ గురించి చెప్పుకో, గాడిద ప్రేమకథ కూడా చెప్పుకో. నీ పొట్టకూటి విద్య, కాదనను. అమ్మ బతికుంటే చీపురుతో కొట్టి, తర్వాత తనే నవ్వేది.

బొమ్మ ఒక్కటి తీసెయ్. "ష్" అనడం మానెయ్. ఎందుకని అడక్కు. నీ కంటే పదేళ్ళు పెద్దదాన్ని, ముక్కు తుడిచి పెంచినదాన్ని, ఇంతవరకు నిన్ను ఏమీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నాను.

తియ్యకపోతే జూలై రెండున, మేరీమాత పండక్కి నేనే వచ్చి తీస్తాను. నా సంగతి నీకు తెలుసు.

బ్రూనా

*

మతేరా,
జూలై 6

అక్కా,

నీ సంగతి తెలుసు అనుకున్నాను. తెలియదని ఇప్పుడు తెలిసింది.

పండగ రోజు, ఊళ్ళో సగంమంది ఇనప కవచాలు తొడుక్కుని గుర్రాల మీద తిరుగుతున్నారు, నా ఇంట్లో పదిహేడుమంది డచ్చివాళ్ళున్నారు, నేను గాడిద దగ్గర ఉన్నాను. నువ్వు తోసుకుంటూ వచ్చావు. "అక్కా, వచ్చావా!" అని చేతులు చాపాను. నీ చేతులు నావైపు రాలేదు. మంచమెక్కావు, అది కూడా చెప్పులతో, లిబేరా అల్లిన దుప్పటి మీద. బొమ్మని కాలు పట్టి లాగావు. ముందు తల పీకావు. తర్వాత చేతులు, కాళ్ళు. యాభై ఎనిమిదేళ్ళ మనిషివి, మొహం ఎర్రగా, జుట్టు ముడి ఊడిపోయి.

ఆ డచ్చివాళ్ళు ఏం చేశారో తెలుసా? చప్పట్లు కొట్టారు! సాయంత్రం జనం మేరీమాత రథాన్ని ముక్కలు ముక్కలు చేస్తారని, తలా ఒక ముక్క అదృష్టానికి ఇంటికి తీసుకెళతారని పొద్దున్నే వాళ్ళ గైడు చెప్పాడట. ఇదీ పండగ ఆచారమే అనుకున్నారు. ఒకావిడ బొమ్మ కాలు ఏరుకుని ముద్దుపెట్టుకుని పర్సులో వేసుకుంది. ఇంకొకాయన "రేపు కూడా ఇదే టైముకా?" అని నన్నడిగాడు. నేనేం చెప్పను? మా అక్కకి పిచ్చెక్కిందని ఏ భాషలో చెప్పను?

నువ్వు దిగి, చెప్పు సరిచేసుకుని, తలుపు దాటి వెళ్ళిపోయావు. వెనకాలే మెట్లమీద పరుగెత్తాను, "ఆగు, కనీసం మంచినీళ్ళు తాగి పో" అన్నాను. తిరిగి చూడలేదు. ఈసారి కూడా నా ఇంట్లో భోజనం చేయలేదు.

మర్నాడే కొత్త బొమ్మ కొన్నాను. దీని కళ్ళు మూసుకుంటాయి, తెరుచుకుంటాయి కూడా. పాతదానికంటే బాగుంది. దాన్నీ వచ్చి పీకు, ఇంకోటి కొంటాను. ఊళ్ళో బొమ్మల కొట్లు నాలుగున్నాయి.

ఎందుకని అడక్కన్నావు. అడుగుతున్నాను. నాకు పిల్లల్లేరు, అమ్మా నాన్నా పోయారు, రక్తసంబంధమంటూ ఉన్నది నువ్వొక్కదానివి. పరాయివాళ్ళ ముందు నన్ను పిచ్చివాణ్ణి చేశావు. కారణమన్నా ఉండాలి, లేదా నీకు నా మీద ఏదో పాత కక్షన్నా ఉండాలి. అది ఏదైనా సరే రాయి. రాయలేకపోతే ఇక నాకు ఉత్తరాలే రాయకు. నీకు తమ్ముడు లేడనుకో.

దొనాతో

*

టొరీనో,
ఆగస్టు 20

దొనాతో,

"నీకు తమ్ముడు లేడనుకో" అన్నావు. ఎంత తేలిగ్గా అన్నావు రా! ఆ మాట చదివి నెలన్నర పెన్ను పట్టుకోలేదు. నీ మీద కోపంతో కొన్నాళ్ళు, భయంతో కొన్నాళ్ళు. అడిగావు గనక చెబుతున్నాను. తర్వాత నన్ను తిట్టుకోకు. తిట్టుకున్నా ఫరవాలేదు.

ఆ ఉయ్యాలలో నువ్వు ఒక్కరోజు కూడా పడుకోలేదు.

ఆ ఫొటోలో తాత ఒళ్ళో ఉన్నది నువ్వు కాదు. నువ్వు పుట్టింది యాభై మార్చిలో. తాత నలభై తొమ్మిదిలో, ద్రాక్ష కోతలప్పుడే పోయాడు. నీకు ఎవరూ తేదీలు చెప్పలేదు, నువ్వు అడగలేదు. ఆ ఫొటోలోవాడు నీకంటే ముందు పుట్టినవాడు. వాడి పేరు దొనాతో.

తాత పేరు పెద్ద మనవడికి పెట్టకపోతే మన దగ్గర తాతని బతికుండగానే పాతిపెట్టినట్టు లెక్క. అందుకని వాడికి పెట్టారు. వాడు పోయాడు, తాతా పోయాడు, పేరు మోసేవాడు లేకుండా మిగిలింది. నువ్వు పుట్టగానే నీకు తొడిగారు. నీ ఒక్కడికే జరిగింది కాదు. మన ఉమ్మడి వాకిట్లో తుచ్చా అత్త కొడుకు మికేలే కూడా రెండో మికేలేనే. వాడికి తెలుసు. నీకు మాత్రం అమ్మ చెప్పనివ్వలేదు.

నలభై తొమ్మిది ఫిబ్రవరి. నాకు ఎనిమిదేళ్ళు, ఆ మొదటి తమ్ముడికి తొమ్మిది నెలలు. మంచు పడి మెట్లు కనబడటం లేదు. నాన్నా తాతా పొలం దగ్గర కొట్టంలో గాడిదతో సహా చిక్కుకుపోయారు. వాడికి మూడు రోజులుగా ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. నాలుగో రోజు తెల్లారేసరికి చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య, నెమ్మదించింది అనుకున్నాను నేను. అమ్మ వాణ్ణి గుడ్డలో గట్టిగా చుట్టింది, ఉయ్యాలలో వేసింది, తాడు పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. నావైపు చూడకుండానే, "పో, వాకిట్లో నిలబడు. ఎవరొచ్చినా తమ్ముడు నిద్రపోతున్నాడని చెప్పు. లోపలికి రానివ్వకు, లేస్తాడు" అంది.

నిలబడ్డాను. తుచ్చా అత్త పులుసు తెచ్చింది. వేలు మూతి మీద పెట్టుకుని, "ష్, తమ్ముడు నిద్రపోతున్నాడు" అన్నాను. ఇంకొకావిడ బొగ్గులు తెచ్చింది. ష్, నిద్రపోతున్నాడు. కాళ్ళు మొద్దుబారేదాకా అదే మాట. మధ్యాహ్నం దాకా నేనూ నమ్మాను రా. తర్వాత చలికి ఓర్చుకోలేక లోపలికి వెళ్ళాను. అమ్మ ఊపుతూనే ఉంది. ముచ్చటేసి, గుడ్డలోంచి బయటికొచ్చిన వాడి పాదం పట్టుకున్నాను.

పట్టుకున్నాక తెలిసింది. తెలిసీ మళ్ళీ బయటికెళ్ళి నిలబడ్డాను. తెలిసీ "ష్" అన్నాను. ఆ సాయంత్రమంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా. తుచ్చా అత్త నన్ను పక్కకి లాగేసి లోపలికి వెళ్ళేదాకా. ఆవిడ అరుపు విన్నాక నాకు ఏడుపొచ్చింది. పసిబిడ్డలు పోతే మన చర్చిలో గంటలు పండక్కి కొట్టినట్టు కొడతారు కదా, దేవదూత అయ్యాడని. ఆ గంటలంటే నాకు ఇప్పటికీ కంపరం.

నువ్వు పుట్టాక అమ్మ ఉయ్యాలని మావయ్యవాళ్ళకి ఇచ్చేసింది. వాళ్ళకి దాన్ని ముట్టుకోవాలంటే భయం, అటక మీద పడేశారు. "పేరు తిరిగొచ్చింది, బిడ్డా తిరిగొచ్చాడు" అంది అమ్మ. నమ్మిందో, నమ్మాలనుకుందో, నాకు తెలియదు. "వీడికి చెబితే వీడూ పోతాడు" అని మేరీమాత పటం మీద నాచేత చెయ్యి వేయించింది. అమ్మ పోయి పదకొండేళ్ళయింది, నేను మాట తప్పలేదు. ఇవాళ తప్పాను.

ఇప్పుడు ఆలోచించు. నలభై తొమ్మిదేళ్ళ తర్వాత టికెట్టు పట్టుకుని లోపలికొస్తే, అదే ఉయ్యాల. గుడ్డలో చుట్టిన బిడ్డ. నువ్వు తాడు పట్టుకుని, అమ్మ ముక్కు, అమ్మ కళ్ళు పెట్టుకుని, నా మాట నా వేలితో సహా అంటున్నావు. నలభైమంది నవ్వుతున్నారు.

నీకు తెలియదు, నీ తప్పు లేదు. తెలియనివాడి మీద కోపం అన్యాయమని నాకు తెలుసు. అయినా నీ మీద కోపం పోలేదు, ఏం చేయమంటావు?

బ్రూనా

*

మతేరా,
అక్టోబరు 4

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చింపబోయాను. లిబేరా లాక్కుని పిండి డబ్బాలో దాచింది.

నమ్మలేదు. చర్చికి వెళ్ళి పాత పుస్తకం తీయించాను. నలభై ఎనిమిది మేలో ఒక దొనాతో, యాభై మార్చిలో ఒక దొనాతో. అదే ఇంటిపేరు, అదే అమ్మ, అదే నాన్న. మొదటి పేరు పక్కన చిన్న శిలువ. కొత్త ఫాదరు కుర్రవాడు, "ఎవరండీ, మీ తాతగారా?" అన్నాడు. కాదు, నేనే, అనబోయి ఆగాను.

నాకు ఒక అన్న ఉన్నాడని చెప్పడానికి నీకు నలభై ఎనిమిదేళ్ళు పట్టిందా? అమ్మ ప్రమాణం చేయించింది, సరే. అమ్మ పోయాక? పదకొండేళ్ళు ఏం కాపలా కాశావు? నాకు యాభై నిండబోతోంది, ఇప్పుడు చెబితే నేను పోతానా? ఆ శ్మశానంలో అమ్మ సమాధికి ప్రతి నవంబరులో పూలు పెడతాను. పక్కనే ఎక్కడో వాడున్నాడు. ఒక్క పువ్వు పెట్టనివ్వలేదు నన్ను మీరిద్దరూ.

బడి నుంచి వచ్చినప్పుడల్లా అమ్మ గడపలో నిలబడి, "తిరిగొచ్చావా నాన్నా, తిరిగొచ్చావా" అనేది. నా మొహం రెండు చేతుల్తో పట్టుకునేది. మా అమ్మకి నేనంటే ఎంత ప్రాణమో అని ఊరంతా చెప్పుకున్నాను, ఆ మాట టికెట్లవాళ్ళకి కూడా చెప్పాను. ఇప్పుడు ఆ మాట ఎవరితో అందో నాకు తెలియదు. ఇది నువ్వు తీసుకున్నావు నా దగ్గర్నించి. తిరిగివ్వలేవు.

ఇంకో సంగతి. రోజుకి ఎనిమిదిసార్లు "ష్" అన్నాను, రెండేళ్ళు. ఎన్ని వేలమందిని నవ్వించానో! తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. ఆ మొదటి రోజే వెనకవరసలోంచి "ఆపరా" అని ఒక్క అరుపు అరిచి ఉంటే, వేసవంతా ఈ పాపం చేసేవాణ్ణి కాదు. నోరున్నదానివి, అవసరమైన చోట మూసుకున్నావు.

బొమ్మ తీసేశాను. నువ్వడిగావని కాదు. లిబేరా దాన్ని పక్కింటి పాపకివ్వబోతే వద్దన్నాను, పారేయమన్నాను. ఖాళీ ఉయ్యాల చూసి జనం ఇదేమిటని అడుగుతున్నారు. మొదటి రోజు వాళ్ళని గాడిద వైపు తిప్పేశాను. రెండో రోజు, "ఇందులో మా అన్న పడుకునేవాడు. తొమ్మిది నెలలకే పోయాడు. ఫొటోలో ఉన్నది వాడే" అన్నాను. అన్న అనే మాట నా నోటివెంట మొదటిసారి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. గడియారమూ చూసుకోలేదు. గాడిద జోకు కూడా ఆ రోజు వేయబుద్ధి కాలేదు.

నిన్న పోర్చుగల్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అంతా విని, మంచం చూసి, గూళ్ళు చూసి, పిండి తొట్టి చూసి, "మరి నువ్వెక్కడ పడుకునేవాడివి?" అన్నాడు.

 ఆ ఇంట్లో ప్రతి వస్తువు పక్కనా నేను చీటీ అంటించాను, గాడిద ఎక్కడ, కోళ్ళెక్కడ, నీళ్ళెక్కడ. నేనెక్కడో నాకు తెలియదు. అమ్మని అడగలేను, నాన్నని అడగలేను. తెలిసినదానివి భూమ్మీద నువ్వొక్కదానివే. సగం చెప్పి వదిలేస్తే ఊరుకోను. ఉయ్యాలలో కాకపోతే నన్నెక్కడ పడుకోబెట్టారు?

దొనాతో

*

టొరీనో,
అక్టోబరు 13

ఒరేయ్ తమ్ముడూ,

నా పక్కన.

గోడవైపు నువ్వు, ఇవతల నేను. అమ్మ పాలిచ్చి నిన్ను నాకిచ్చేసేది. నువ్వు నిద్రపోతుంటే చూడ్డానికి తనకి భయం. పదేళ్ళదాన్ని, నీ ముక్కు కింద వేలు పెట్టుకుని పడుకునేదాన్ని. ఊపిరి వేలికి తగిలితే సరే. తగలకపోతే గిల్లేదాన్ని. నువ్వు కెవ్వుమనేవాడివి, గాడిద లేచేది, నాన్న తిట్టేవాడు, అమ్మ నా వీపు మీద ఒకటి వేసేది. కొత్తింటికి వెళ్ళేదాకా ఐదేళ్ళు ఇదే గోల. నీ మూలంగా ఎన్ని దెబ్బలు తిన్నానో లెక్క లేదు, వెధవా.

నువ్వు ఏడ్చాకే నాకు నిద్ర పట్టేది.

అక్క